జిల్లాకొక్కటే గ్రాంటు

వాకిట్లో ఎవరో నిలబడి తొడమీద దరువేస్తుంటే, స్వామిదాసు మద్దెల ఆపాడు.

కామారెడ్డిలో ఆయనది చిన్న యక్షగాన సమితి. పగలు బడిలో పాఠాలు. సాయంత్రం రేకుల షెడ్డులో పద్నాలుగు మంది పిల్లలకు ఆట, పాట.

బయట ఒక ముసలాయన. మాసిన లుంగీ, భుజాన సంచి.

"ఎవరు గావాలె?"

"ఎవరొద్దు సార్. ఊకెనే ఇంటున్న. పిల్లలు రోజూ వస్తరా?"

"వస్తరు."

"ఆడపిల్లలు గూడ?"

"అయిదుగురు. అయన్ని నీకెందుకు?"

"మాది బిచ్కుంద సార్. సిరాజుద్దీన్ అంటరు. అక్కడి మేళంల మద్దెల నాదే."

స్వామిదాసు ముఖం మారింది.

ఆ సంవత్సరం కళాబృందాలకు సర్కారు ఇచ్చేది జిల్లాకొక్కటే గ్రాంటు. దానికోసం ఆయన రెండుసార్లు హైదరాబాద్ తిరిగొచ్చాడు. బిచ్కుంద మేళం కూడా అర్జీ పెట్టిందని అక్కడే విన్నాడు.

"ఓహో! మామీద చాడీలు రాసేటందుకు వచ్చినవా?"

"అట్ల గాదు సార్. ఆ పద్యం అయ్యేదాంక కూసుంట. అయిపోంగనే పోత."

"ఏమొద్దు. నడువు."

ముసలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు. స్వామిదాసు తలుపు వేసేశాడు.

"పాపం సార్, రెండు బస్సులు మారి వచ్చిండు గావచ్చు" అంది పిల్లల్లోంచి మజీదా.

"నువ్వు పద్యం సదువు."

ఐదు నెలలకు ఉత్తరం వచ్చింది. గ్రాంటు కామారెడ్డి సమితికే!

సంతకాలకని హైదరాబాద్ వెళ్తే, గుమస్తా ఫైలు తిప్పుతూ అన్నాడు.

"మీ నసీబు మంచిగున్నది సార్. ముందుగాల బిచ్కుందోళ్లకు మంజూరయింది. వద్దని రాసిన్రు."

"వద్దన్నరా? ఎందుకు?"

"మాకూ సమజ్ గాలే. మల్లొకసారి ఆలోచించుకోండ్రని జాబు రాసినం. ఆ రాసినాయన చనిపోయిండని వాపసొచ్చింది."

స్వామిదాసు కలం బల్లమీద పెట్టాడు.

"వాళ్లు రాసిన కాగితం... ఒకసారి సూడొచ్చా?"

గుమస్తా ఫైలు ఇటు తిప్పాడు.

వంకర అక్షరాలు. తను తలుపు వేసిన మర్నాటి తేదీ.

చదివి, గుమస్తా ముందు తల ఎత్తలేక, మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మా మేళపోళ్లంత దుబాయ్ పోయిన్రు, నేనొక్కన్నే మిగిలిన, నిన్న కామారెడ్డి పోయి సూసిన, ఆ సారుకు కోపమెక్కువ గని పిల్లలకు పానం పెట్టి నేర్పుతున్నడు, మా గ్రాంటు వాళ్లకియ్యుండ్రి."