మొదటి గ్లాసు

"ముందు నువ్వు తాగమ్మా. తర్వాత నేను తాగుతా."

ఆ మాటన్నది గుమ్మం ముందు నిలబడ్డ ముసలాయన. చేతిలో బిందె లేదు, సీసా లేదు. నెత్తిన వెలిసిపోయిన టోపీ, కళ్లలో తనిఖీకొచ్చిన అధికారి చూపు.

నీళ్లమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది.

ఇంటింటికీ మంచినీళ్లివ్వడం తమవల్ల కాక, ఊరి నీటి శాఖ ఆ పని ఒక కంపెనీకి అప్పగించింది. కంపెనీ వీధికొకరిని చూసి ఫ్రాంచైజీ ఇచ్చింది. బోర్డు వాళ్లది, ఫిల్టర్లు వాళ్లవి, నేర్పిన పద్ధతులు వాళ్లవి. చాకిరీ మాత్రం ఈ అమ్మాయిది. కుట్టుమిషను మూలన పడేసి మరీ పక్క పేట నుంచి వచ్చి ఇందులో దిగింది.

వాళ్లు నేర్పిన పద్ధతుల్లో మొదటిది అదే. కొళాయి తెరవగానే మొదటి గ్లాసు దాన్ని నడిపేవాళ్లే, నలుగురూ చూస్తుండగా తాగాలి.

చూడ్డానికి నలుగురుంటేగా! వీధంతా బావి నుంచి వచ్చే ట్యాంకరు నీళ్లకి అలవాటుపడింది. "అవి మందు కలిపిన నీళ్లే తల్లీ" అని పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లు. ఈగలు తోలుకుంటూ కూర్చున్న మనిషి గ్లాసు సంగతే మర్చిపోయింది. గడువులోగా వీధి రాకపోతే బోర్డు పీకి ఇంకో వీధిలో పెడతామని కంపెనీ ముందే చెప్పింది.

ముసలాయన కదల్లేదు. చేసేదిలేక గటగటా తాగింది.

ఆయనా తాగాడు. చప్పరించాడు. వెళ్లి బయట బల్ల మీద కూర్చున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

కోడలికి సాయంగా వచ్చిన అత్తగారు చెవిలో ఊదింది. "ఒసేయ్, ఆయన కంపెనీ వాళ్లు పంపిన మనిషే. ఆ చూపు చూడు! కాస్త నోరు అదుపులో పెట్టుకో."

దాంతో 'ఎవరయ్యా' కాస్తా 'రండి బాబాయ్ గారూ' అయింది. బల్ల పోయి కుర్చీ వచ్చింది. కుర్చీ మీదికి దిండు వచ్చింది.

వాటి వెనకాలే బిందెలూ వచ్చాయి. మొదట ఒకటీ అరా, తర్వాత వరస. ట్యాంకరైతే ఆ వీధి మొహం చూడ్డమే మానేసింది.

"నా దెబ్బకి ట్యాంకరువాడు తోక ముడిచాడు," అంది నీళ్లమ్మాయి.

"అంతా నేను అడుగుపెట్టిన వేళ," అంది అత్తగారు.

పెద్దాయన మాత్రం ఊరుకునే రకం కాదు.

"పాచి పట్టిన బిందెలో మంచినీళ్లు పోస్తే ఏం లాభం? తోముకురా తల్లీ."

వాళ్లు గొణుక్కుంటూ వెళ్లేవాళ్లు. వచ్చిన బేరం పోతుందేమోనని నీళ్లమ్మాయి భయపడేది. కానీ తోముకుని మళ్లీ వచ్చేవాళ్లు.

ఒకరోజు కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. వరస చూసి ముచ్చటపడ్డాడు. "ఇంకో వారం ఇలాగే ఉంటే బోర్డు నీదేనమ్మా."

"మీ మనిషిని కూడా బాగా చూసుకుంటున్నాం సార్."

"మా మనిషా? మేమెవర్నీ పంపలేదే!"

దిండు ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె తాగింది. ఆయన తాగాడు. ఇంకో గుక్క పుక్కిలించి ఉమ్మేసి, వరస వైపు తిరిగాడు.

"ఇవాళ ఎవరూ పట్టకండి."

బిందెలన్నీ టక్కున కిందికి దిగాయి.

"ఎందుకట?"

"ఏదో తేడాగా ఉందమ్మా. ఫిల్టరు చూపించు."

"నేనూ తాగానుగా! నాకు తెలియని తేడా మీకు తెలిసిందా?" పోబోతున్న బోర్డు కళ్ల ముందు కనిపించి ఆమెకి ఒళ్లు తెలియలేదు. "ఓడిపోయిన కడుపుమంటతో ఆ ట్యాంకరువాడు పంపాడా మిమ్మల్ని?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఏదో చెప్పబోతే పెద్దాయన చెయ్యి ఊపి ఆపాడు.

"అలాగే అనుకో. ముందు ఫిల్టరు చూపించు."

"రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు!"

ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఖాళీ బిందెలతో వరసా చెదిరిపోయింది.

ఉక్రోషం కొద్దీ మెకానిక్‌ని పిలిపించింది. వాడు ఫిల్టరు విప్పి నోరు వెళ్లబెట్టాడు. లోపలి రబ్బరు చీలిపోయి, శుద్ధి కాని నీళ్లు మంచినీళ్లలో కలుస్తున్నాయి.

"ఇవి పోసుంటే వీధి వీధంతా మంచం పట్టేది అక్కా."

ఆమెకి తల కొట్టేసినట్లయింది. బోర్డు ఉంటే ఉంటుంది, పోతే పోతుందనుకుంది. కొళాయి కట్టేసి, ఉన్నదున్నట్టు ఇంటింటికీ వెళ్లి తనే చెప్పింది.

కొత్త ఫిల్టరు పడ్డాక తెల్లారే కుర్చీ వేసింది. దిండూ వేసింది. గ్లాసు పట్టుకుని దారి చూసింది. పెద్దాయన రాలేదు. వరస మాత్రం ఎప్పటికంటే పొడుగ్గా ఉంది.

"బాబాయ్ గారేరీ అక్కా? కాళ్ల మీద పడైనా తప్పయిందని చెప్పుకోవాలి," అంది ముందు నిలబడ్డావిడతో.

"ఇంకెక్కడి బాబాయ్! సామాను సర్దుకుని కూతురి ఊరికి వెళ్లిపోయాడు. ఇక ఇటు రాడు. పోతూ పోతూ మాతో ఏమన్నాడో తెలుసా? 'తప్పు తెలియగానే తనే కొళాయి కట్టేసింది. ఇక నేను తాగి చూడక్కర్లేదు, కళ్లు మూసుకుని పట్టుకోండి' అన్నాడు."

నీళ్లమ్మాయి కళ్లు చెమర్చాయి. ఇంతమందీ పాచి బిందె తోముకొచ్చింది, తన కొళాయి నమ్మింది ఆ ఒక్క మనిషి మాట మీదేనని ఇప్పుడు అర్థమైంది.

"ఇంతకీ ఎవరక్కా ఆయన?"

ఆవిడ వింతగా చూసింది.

"నిజంగానే తెలీదా? నువ్వు కొళాయి తెరిచిన కొత్తల్లో, 'నా బావి నీళ్లు చెడిపోయాయి, ఇక నా దగ్గర పట్టకండి, ఆ అమ్మాయి నీళ్లెలా ఉన్నాయో నేను తాగి చూసి చెబుతా' అని మా గుమ్మం గుమ్మం తిరిగిన ట్యాంకరు యజమాని ఆయనే."