మిన్నె

"మిన్నె, నన్నొదిలి ఎటు పోయావు? నా దప్పిక తీరలేదు."

ఏడు వందల ఏళ్ల కిందట మా ఫ్లాండర్స్‌లో ఒక సన్యాసిని కట్టుకున్న పాట ఇది. పాత డచ్చి భాషలో మిన్నె అంటే ప్రేమ. ఈ పాటలో ఆ ప్రేమ సాక్షాత్తూ దేవుడేనని మా గైడ్ మాక్టెల్డ్ మేడం ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. నా పరిశోధనా దాని మీదే.

ఇవాళ మఠం పాత రిజిస్టర్‌లో ఆ సన్యాసిని పేరు కనబడింది. పక్కనే రాసుంది: "పసికందుగా గుమ్మంలో దొరికింది. పాలిచ్చిన దాదిని మూడో ఏట పంపేశాం."

ఆ భాషలో పాలిచ్చే దాదినీ మిన్నె అనే అంటారు.

నకలు తీసుకుని మేడం గదికి పరిగెత్తాను. "ఆ ఏడుపు దేవుడి కోసం కాదు మేడం, పాలతల్లి కోసం!"

ఆవిడ కాఫీ పక్కన పెట్టి సొరుగు లాగారు. లోపల అదే పుట నకలు, పసుపెక్కిపోయి ఉంది.

"నీ వయసులో నాకూ దొరికింది, నేలె. ఇలాగే పరిగెత్తాను. 'పాలకేడ్చే పిల్ల మీద డాక్టరేటు ఎవరిస్తారమ్మా?' అన్నారు మా గురువుగారు."

"మరి మీరు?"

"దేవుడని రాశాను." నా కాగితం కూడా సొరుగులో పెట్టారు. "వచ్చే వారం వైవాలో నిన్ను ప్రశ్నలడిగే అయిదుగురూ నా పుస్తకం చదివి పెద్దవాళ్లయినవాళ్లే. చెప్పు, మిన్నె అంటే ఎవరు?"

సొరుగులో ఒకదాని మీద ఒకటి పడున్న రెండు నకళ్ల వంక చూశాను.

"దేవుడే, మేడం."

 ఆవిడ సొరుగు మూసి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఉంచుకో. ఎప్పుడో ఇంకో పిల్ల పరిగెత్తుకొస్తుంది."