కాన్పుకు దాచిన కోళ్లు

గంప బోర్లించినట్టే ఉంది. పైన పెట్టిన రాయి పెట్టినట్టే ఉంది. ఎత్తి చూస్తే మూడు పెట్టలకు రెండే మిగిలాయి.

అంజనమ్మ గంపను దొడ్డి మధ్యకు విసిరికొట్టింది.

“దీని పాడె గట్ట! మళ్లా ఎత్తకపోయిందే!”

ఇది నాలుగోది.

కేక విని కూతురు లక్ష్మీనరసమ్మ నడుం పట్టుకుని గడప దాకా వచ్చింది. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చిన పిల్ల. తొమ్మిదో నెల పడి పది రోజులైంది.

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. శనక్కాయ చేను నిలువునా మాడిపోయింది. మేత లేక బర్రెను ఎప్పుడో అమ్మేశారు. బాలింతకు పెట్టడానికి ఇంట్లో నెయ్యి లేదు, పాలు లేవు. ఉన్నవల్లా ఈ కోళ్లే. వారానికొకటి కోయించి, మిరియాలు దంచి వేసి చారు కాచి పోస్తే పిల్ల లేచి నిలబడుతుంది. బిడ్డకు పాలు పడతాయి. ఒక్కగానొక్క కూతురాయె. ఆమె కోసమే అంజనమ్మ ఒక్క గుడ్డు కూడా నోట పెట్టలేదు. అన్నీ పొదిగించింది. తాము మాత్రం సంకటిలోకి ఊరిబిండి నంజుకుని లేచారు.

అంత చేసి పెంచిన ఆరు పెట్టలను గుట్ట మీది నక్క వారానికొకటి పట్టుకుపోతోంది.

ఆమె చేయని పని లేదు. తుమ్మకంప కొట్టుకొచ్చి దొడ్డి చుట్టూ రెండు వరసలు పేర్చింది. చేతుల నిండా ముళ్లు దిగాయి. కిరసనాయిలు డబ్బాలో గులకరాళ్లు వేసి దడికి కట్టింది. గాలికి అది మోగి ఇంట్లోవాళ్లకు నిద్ర లేకుండా చేసింది తప్ప నక్కను ఆపలేదు. మగవాడి చెమట వాసన తగిలితే నక్క దగ్గరికి రాదని ఎవరో చెబితే, మొగుడి పాత అంగీ తెచ్చి గంప పక్కన గుంజకు తొడిగింది. ఆ వారమే ఎర్ర పెట్ట పోయింది.

మొగుడు చిన్నప్ప కూడా తక్కువ బాధపడలేదు. దొడ్డి వెనక మెత్తటి మట్టిలో అడుగులు చూపించాడు. అవి నక్కవో కుక్కవో ఆమెకు తెలియలేదు.

“నక్కవే” అన్నాడు చిన్నప్ప. “గుట్టలో కుందేళ్లు గూడా చచ్చిపాయ. దానికీ కరువే గదా. ఏం జేస్తాది పాపం?”

“దానికి పాపం! నా బిడ్డకు పాపం ల్యా?” అని ఆమె ఆయన మీద విరుచుకుపడింది. చిన్నప్ప వంగి కంప సర్దాడు.

ఇప్పుడు మీద పడి అరవడానికి ఆయన కూడా ఇంట్లో లేడు. సంత రోజని కోడి కూయకముందే కొత్తచెరువుకు పోయాడు.

పక్కింటి నల్లమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

“మళ్లా పాయనా?”

“పాయ.”

“ఈకలు పడినాయా?”

“ఒగటీ ల్యా.”

“బలే నక్కమ్మా నీది! కోడిని తీసుకోని, గంప బోర్లిచ్చి, రాయి గూడా పెట్టి పోతాది. మా కోడలికన్నా పనిమంతురాలు. దొరికితే చెప్పు, మా ఇంట్లో పెట్టుకుంటా.”

అంజనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. “రెండు కాళ్ల నక్క అంటాండావా? గోడ మీద నుంచి చెయ్యి చాపితే అందేది నీకే!”

“నీ కోళ్లు తిని బతికే గతి నాకు పట్టలేదు పో!”

మధ్యాహ్నం దాకా రెండిళ్లూ తిట్టుకున్నాయి. అరిచి అరిచి అంజనమ్మ గొంతు పోయింది. అరుగు మీద కూలబడింది. కాసేపటికి చివాలున లేచింది.

“ఇంక దాచేది ల్యా. ఆ దొంగముండ నోట్లో పడేకన్నా నీ నోట్లో పడనీ. ఈ పొద్దే ఒగటి కోయిస్తా.”

“నాయన రానీలేమ్మా” అంది లక్ష్మీనరసమ్మ.

“మీ నాయన వచ్చేలోగా అవీ పోతాయి.”

ఆ ఊళ్లో ఎవరింట కోడి కోయాలన్నా సాయిబు చెయ్యి పడాల్సిందే. ఊళ్లో కోసే నబీ రసూల్ జ్వరంతో మంచాన పడ్డాడు. అదృష్టం కొద్దీ తిప్పయ్య ఇంట్లో ఆ పొద్దు కందూరి విందు. మొక్కు పొట్టేలు కోయడానికి కొత్తచెరువు నుంచి జమాల్ సాబ్ వచ్చాడు. అంజనమ్మ ఎండలో అక్కడికి పరుగెత్తింది.

“జమాలన్నా, మా ఇంట్లో ఒగ కోడి కోసిపెట్టి పో. చిన్నప్ప పెండ్లాన్ని.”

“మా చిన్నప్ప ఇల్లా!” జమాల్ సాబ్ ముసలి మొహం వికసించింది. “పదమ్మా, పద. ఆ ఇంటికి రాకుండా పోతానా?”

దొడ్లో ఆయన చెంబుడు నీళ్లు అడిగి కత్తి కడుక్కున్నాడు. లక్ష్మీనరసమ్మ నల్ల పెట్టను రెక్కలు పట్టుకుని, ఆయాసపడుతూ బయటికి తెచ్చింది. పెట్టను అందుకోబోయిన జమాల్ సాబ్ ఆమె నిండు కడుపు చూసి ఆగిపోయాడు.

“ఏమన్నా, కోయరాదా?” అంది అంజనమ్మ కంగారుగా.

జమాల్ సాబ్ తల్లి వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశాడు.

“అది కాదమ్మా, ఈ పాపకు ఇంగా కాన్పే కాలేదు, మరి మొగబిడ్డ పుట్టినాడని సంతలో నా నోట్లో చక్కెర పోసి, బాలింతకని నాలుగు వారాలుగా, ఈ పొద్దు పొద్దున గూడా, నా చేత పెట్టను కోయించుకోని పోయినాడే చిన్నప్ప!”