తొంభై రోజుల వీసా

"ఊపిరి పీల్చుకో. ఇదిగో, ఎదమీది బెల్టు కూడా పెట్టుకుంటేనే బరువంతా భుజాల మీద పడకుండా ఉంటాదంట," అంటూ రెబెకా చెల్లెలి బ్యాగు బెల్టు బిగించింది.

సుచరిత ముఖం చిట్లించి వెంటనే దాన్ని ఊడదీసింది.

"అది వద్దక్కా."

"సరే, వద్దులే." రెబెకా చేయి వెనక్కి తీసుకుంది. "దించేటప్పుడు మోకాళ్ళు వంచు. వీడియోలో ఆ పిల్లోడు అట్లనే చెప్పినాడు."

వీడియోలన్నీ చూసింది రెబెకానే. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. అయినా వియత్నాంలోని హనోయిలో ఏ హాస్టల్లో ఆడవాళ్ళకు వేరే గది ఉందో, అక్కడి నుంచి హ్యూ నగరానికి బస్సు ఎక్కడ ఎక్కాలో, వాన పడితే బ్యాగు మీద ఏం తొడగాలో అన్నీ ఆమే కనుక్కుంది. దేశాలు తిరగాలన్న పిచ్చి మాత్రం సుచరితది. ఇంటర్ చదివేటప్పుడు ప్రపంచ పటం ముందేసుకుని వేలితో దారులు గీసుకునేది. హైదరాబాదులో ఉద్యోగం మానేసి, గిద్దలూరులో అక్క ఇంటికి వచ్చి పడ్డప్పటి నుంచి ఆ ఊసే లేదు. అన్నం పెడితే తినేది. లేకపోతే మంచంలో గోడవైపు తిరిగి పడుకునేది. తల్లీ తండ్రీ పోయాక ఆమెకు ఈ ఇల్లే పుట్టిల్లు.

ఈ రోజు ఆమె బెంగుళూరు రైలు ఎక్కాలి. అక్కడి నుంచి విమానం. ఈ రోజు ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కదని రెబెకా భయం.

"నెల రోజులు చాలదా అక్కా?"

"నెలలో ఏం చూస్తావు? వీసా తొంభై రోజులుండాది. ఆమీట కంబోడియా, థాయ్‌లాండ్. తొందరేముంది నీకు?"

"తొందరంతా నీదే."

రెబెకా విననట్టు ఫోను అందించింది. "జాగా చేసినాను. పాత ఫోటోలన్నీ తీసేసినా. కొత్త ఊర్ల ఫోటోలు పట్టాల గదా."

"అన్నీనా?"

"అన్నీ."

సుచరిత తెరను కిందికీ పైకీ జరిపి చూసింది. ఫోను జేబులో పెట్టుకుంది.

"రోజూ వీడియో కాల్ చేస్తాను."

"వద్దు. చేరినానని మెసేజ్ పెట్టు, చాలు. ఇల్లు చూస్తే నీకు దిగులు, నిన్ను చూస్తే నాకు దిగులు."

"తొంభై రోజులకు మరిచిపోతానంటావా?"

"మరిచిపోవాల."

లోపలి గదిలో పాప ఉయ్యాలలో కదిలింది. ఇద్దరూ అటు చూశారు. మళ్ళీ చప్పుడు లేదు.

"ఏందే రెబెకా, మల్లెపూల వాసన గుప్పుమంటా ఉండాది!" అంటూ ఎదురింటి ఏసమ్మ లోపలికి వచ్చింది. వీధిలో పెళ్ళి సంబంధాలన్నీ ఆమె కుదిర్చినవే. "మీ చర్చి సంఘంలో ఆడోళ్ళు పూలు పెట్టుకోరు గదా!"

"బ్యాగులో బట్టలకు పెద్దమ్మా. ముక్కిన వాసన పట్టకుండా మడతల్లో పెట్టినా."

"రోజూ మూరలు మూరలు కొంటా ఉండావంట, పూలమ్మి చెప్పింది. బట్టలు కూడా పెండ్లికూతుర్లేనా మీ ఇంట్లో?" ఏసమ్మ బ్యాగును తట్టి చూసింది. "అమ్మో, సిమెంటు బస్తా. ఉద్యోగం పోతే పోయింది, పెండ్లి చేయాల్సిన పిల్లతో మూటలు మోయిస్తారా ఎవరైనా? కనిగిరిలో మంచి పిల్లోడుండాడు, టీచరు."

"తిరిగొచ్చినాక చూద్దాం పెద్దమ్మా."

"వచ్చేటప్పుడు వియత్నామోడిని వెంటేసుకొని వస్తే?"

"వాడికి గోంగూర అలవాటు చేస్తాం."

ఏసమ్మ పగలబడి నవ్వింది. సుచరిత నవ్వలేదు.

"మీ అక్కచెల్లెండ్లు అంతే. ఇన్నేండ్లకు కడుపు పండితే, ఇక్కడ మేమంతా లేనట్టు కాన్పుకని నువ్వు హైదరాబాదు పోయి నెలలు నెలలు కూసున్నావు. ఇప్పుడు ఆదివారం చర్చిలో పాపకు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకొని, పిన్నమ్మను ముందే పంపుతా ఉండావు. రెండు రోజులాగితే ఆ దేశాలు యాడికి పోతాయి?"

"టికెట్టు ఇయ్యాళ్టికే దొరికింది."

బయట ఆటో హారన్ మోగింది. రెబెకా భర్త హరిబాబు కేకేశాడు. "కానీండి! రైలొచ్చే టైమయింది!"

రెబెకా చెల్లెలి చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది. "పాస్‌పోర్టు లోపలి జేబులోనే పెట్టుకో. ఎవరేమిచ్చినా తినొద్దు. పో సుచీ."

సుచరిత గడప దాటింది.

"ఏందే ఇది! పాపకు ఒక ముద్దు కూడా పెట్టకుండా పోతా ఉండాది!" ఏసమ్మ లోపలి గదిలోకి నడిచింది.

"వద్దు పెద్దమ్మా, లేపొద్దు! సుచీకి చంటిబిడ్డల్ని ఎత్తుకోడమంటే భయం!"

అప్పటికే ఏసమ్మ ఉయ్యాలలో చేతులు పెట్టింది. నిద్ర చెడిన పాప గుక్కపట్టి ఏడ్చింది. ఇల్లంతా అదరగొట్టేసింది.

వాకిట్లో సుచరిత ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. బ్యాగు పట్టీలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అట్లాగే నిలబడింది.

"పయనమై పోయేటప్పుడు వెనక్కి తిరగగూడదు," రెబెకా గొంతు కీచుగా వచ్చింది. "ఆటో ఎక్కు. నీకు దండం పెడతా, ఎక్కు."

"ఆకలైనట్టుంది, బిడ్డను తీసుకోవే," అంటూ ఏసమ్మ పాపను రెబెకా చేతుల్లో పెట్టింది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

సుచరిత మెల్లగా ఇటు తిరిగింది.

ఆమె చొక్కా ముందంతా పాలతో తడిసిపోయి ఉంది.