గేటు కాడి పెట్టె

“పాల ట్యాంకరే తోల్తాను నాయనా,” అంటూ హేమ పలమనేరు డెయిరీ కాగితం మీద సంతకం పెట్టబోయింది.

ఇరవై ఏళ్లు గ్యాస్ ట్యాంకర్ తోలిన మునిరత్నం కూతురి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. “గ్యాస్ బండంటే నీకు పానం గదమ్మా. దానికని ట్రైనింగు గూడా చేస్తివి. గ్యాస్ కంపెనీ వాళ్లూ రమ్మన్నారు.”

“ప్లాంటు లోపలికి పొయ్యేముందు ఫోను గేటు కాడ పెట్టెలో ఎయ్యాల. అమ్మ పొయ్యిన దినం నీ ఫోను ఆ పెట్టెలోనే గదా ఉండింది. రేపు నా బిడ్డకేమన్నా అయితే?”

పెట్టె సంగతి ఆమెకు చెప్పింది ఆయనే. మూడేళ్లుగా అందరికీ అదే చెబుతున్నాడు.

“ఆ పొద్దు నేను లోపలికి పోనేలేదు,” అన్నాడు మునిరత్నం. “గేటు బయట బండ్ల వరసలో ఉండినాను. ఫోను నా చేతిలోనే ఉండింది. ఎత్తితే ఆస్పత్రికి రమ్మంటావు, వరస పోతాదని ఎత్తలేదు. లోడు ఎక్కినాక చేద్దాంలే అనుకున్నాను.”



“ఏడుసార్లు ఫోను చేసినాను,” అంది హేమ, ఆయన వైపు చూడకుండా.

“ఎనిమిది,” అన్నాడాయన, పెన్ను ఆమె ముందు పెడుతూ.