కార్డు లేని మనిషి

"కార్డేదీ?"

నర్సు ఆదోంగ్ వరసలో నిలబడ్డ ముసలామెను ఒక్విర్ నిలదీశాడు.

బడి ఆవరణలో డోలు గుర్తు పార్టీవాళ్లు తమ అభ్యర్థిని ఎంచుకుంటున్నారు. పెట్టెల్లేవు, చీటీల్లేవు. ఎవరు కావాలో వాళ్ల ఫొటో వెనక వరస కట్టాలి. తలలు లెక్కపెడతారు. ఇటు ఆదోంగ్. అటు ఆస్పత్రి మందులు అమ్ముకుని మేడ కట్టిన ఒటిమ్.

"కార్డు లేదు నాయనా."

"పార్టీలో లేనిదానివి, మా వరసలో నీకేం పని?"

"ఈ పార్టీ టికెట్టు ఎవరికొస్తే వాడే గదా గెలిచేది. తర్వాత జరిగే ఎన్నిక ఉత్తుత్తిదే. నా ఓటు ఇక్కడ చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది?"

ఒక్విర్‌కు ఒళ్లు మండింది. అతను ఆదోంగ్ మనిషి. ఒటిమ్ బయటివాళ్లను తోలుకొస్తాడని భయపడి, కార్డు రూలు పట్టుబట్టి పెట్టించింది అతనే.

"ఒటిమ్ పంపాడా నిన్ను, మా వరస పాడు చెయ్యమని?"

"వాడా?" ఆమె పక్కకు తిరిగి ఉమ్మింది. "మందు లేక నా మనవరాలు పోయింది. నన్నిక్కడ నిలబడనీ. మా ఊరివాళ్లు అటున్నారు. నన్ను చూస్తే కొందరైనా ఇటొస్తారు."

"నువ్వేమన్నా మహారాణివా, నిన్ను చూసి రావడానికి? నడు నడు."

రెక్క పట్టుకుని గేటు దాటించాడు. ఆమె వెనకున్న కార్డు లేని ఆడవాళ్లు కూడా తలలు దించుకుని వెళ్లిపోయారు.

అటు ఒటిమ్ మనుషులు చక్కెర పొట్లంతో పాటు కొత్త కార్డులు పంచుతున్నారు. పొద్దున్నే సారా తాగి తూలుతున్నవాళ్లు కూడా సభ్యులైపోయారు. రాజధాని కంపాలా నుంచి వచ్చిన పార్టీ పరిశీలకుడు కాల్చిన మేక మాంసం నములుతూ అంతా చూస్తున్నాడు. రూలు ప్రకారం అంతా సవ్యమే.

ఆదోంగ్ కొద్దిలో ఓడిపోయింది.

ఒటిమ్ కారెక్కి ఎప్పటి పాటే అందుకున్నాడు. "తల్లీ తండ్రీ లేని అనాథను నేను. ఈ పార్టీయే నా తల్లి."

చక్కెర తిన్న నోళ్లు ఈలలు వేశాయి.

కారు గేటు దాటుతూ ఠక్కున ఆగింది. ఒటిమ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. కిందికి వంగి, గేటు పక్కన కూర్చున్న ముసలామెతో గొంతు తగ్గించి మాట్లాడాడు. పక్కనే ఉన్న ఒక్విర్ విన్నాడు.

"ఎందుకొచ్చావే అమ్మా? నువ్వు చచ్చిపోయావని చెప్పుకుని ఇంతదాకా వచ్చాను. ఇంటికి పో."

కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

ఒక్విర్ ఆమె ముందు చతికిలబడ్డాడు. "అవ్వా, ఆ ముక్క నాతో అప్పుడే చెప్పుండొచ్చు కదా?"

ఆమె కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది.

"వాణ్ని కన్నది నేనేనని చెప్పుకోవడానికి సిగ్గేసింది నాయనా."