ఊరికే ఆగే లైను

“ఇదేందప్పా, దండం పెట్టుకునే లోపలే తెరుచుకునేసింది!” అగరుబత్తి పట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడిన పంకజాక్షి కసిరింది.

మునిచంద్ర బిత్తరపోయాడు. నగరిలోని ఆమె చీరల షాపులో డిజైన్ల సాఫ్ట్‌వేర్‌ను తెరిచే పాత విండోస్ స్క్రిప్టును లినక్స్‌కు తగ్గట్టు మార్చింది అతనే. అందులో ఊరికే కాసేపు ఆగమనే లైనొకటి కనిపిస్తే, దండగని పీకేశాడు.

“మళ్ళా పెట్టేస్తాలేక్కా.”

ఆమె శాంతించి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. వెంటనే ఆమె మొగుడు చెంగల్రాయుడు దగ్గరికి జరిగి గుసగుసలాడాడు.

“ఆ లైను రాయించింది నేనే అబ్బా. దినామూ ఆమె దండం పెట్టుకుంటా కండ్లు మూసుకోనుండే ఆ కాసేపే గదా, నేను కాపీలో చక్కెర ఏసుకునేది!”

“నీకు షుగరుండాది గదా బావా?”

“అందుకే సెప్తా ఉండా. ఈసారి కలబెట్టుకునేదానికి గూడా రవ్వంత టైము పెట్టు.”